బాంబులు పడ్డ వారం నాటకమా? విశాఖ పాత పేపరు, 1942

వన్‌టౌన్ వాసి:
పెదనాన్నగారి ట్రంకు పెట్టె అడుగున పరిచిన పాత పేపరు దొరికింది. తారీఖున్న మూల చెదలు తినేశాయి. ఒకపక్క కొలంబో మీద జపాన్ విమానాల దాడి వార్త. ఇంకోపక్క రాత్రి దీపాల వెలుగు బయటికి రానివ్వొద్దని నోటీసు. దాని కిందే ప్రకటన: శనివారం రాత్రి మన ఊళ్లో యుద్ధనిధి సహాయార్థం పౌరాణిక నాటకం, నేల రెండణాలు, కుర్చీ రూపాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖ రేవు మీద బాంబులు పడి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ వారం నాటకాలేమిటండీ? సిగ్గుండక్కర్లేదా?

హార్మోనియం:
తొందరపడకండి. కొలంబో మీద దాడి ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. మన మీద పడ్డది మర్నాడు సోమవారం. ఆ పేజీలో విశాఖ మీద బాంబుల ఊసే లేదంటే అది సోమవారం పొద్దుటి పేపరు అయ్యుండాలి. ప్రకటన ఇచ్చినవాడికి ఏం కలొచ్చిందా?

జగన్నాథపురం:
అదే రోజు కాకినాడ మీద కూడా పడ్డాయి. ఎప్పుడు చూసినా వైజాగ్, వైజాగ్. మమ్మల్ని తలచుకునేవాళ్లే లేరు.

వన్‌టౌన్ వాసి:
కలెందుకు? రంగూన్ మార్చిలోనే జపాన్ చేతికి చిక్కింది. బర్మా నుంచి మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొస్తున్నారు. వాళ్లను చూసి కూడా తెలియలేదంటే ఎలా?

హార్మోనియం:
మీరే కదా ‘బాంబులు పడ్డాక’ అన్నట్టు రాశారు. ఇప్పుడు రంగూన్ అంటున్నారు. తారీఖు తేలాలి ముందు.

పల్లీ పొట్లం:
నాటకం పేరేంటో చెప్పండి సార్.

గచ్చిబౌలి గాలి:
2025 మేలోనూ ఇదే గొడవ. సరిహద్దులో కాల్పులని ఐపీఎల్ ఆపారు. ఆ వారమే, 10వ తేదీన, మా హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు మొదలయ్యాయి. ఇంట్లో చెల్లి సంగీత్ ఆపమని బంధువులు ఒకటే టెన్షన్ పెట్టారు. అదే బంధువులు రాత్రంతా టీవీ ముందు కూర్చుని యుద్ధాన్ని మ్యాచ్‌లా చూశారు, పకోడీలతో సహా.

వన్‌టౌన్ వాసి:
మీకు పకోడీలు. మా నాయనమ్మ చంకన నెలల పిల్లతో సింహాచలం దాటి నడిచింది. ఆ పిల్ల దారిలోనే జ్వరమొచ్చి పోయింది. అందుకే ఆ ప్రకటన చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హార్మోనియం:
బాధ అర్థమవుతుంది. కానీ మీవాళ్లకు పల్లెలో ఇల్లుంది, వెళ్లారు. మా తాతకు హార్మోనియం తప్ప ఏమీ లేదు. ఊరు ఖాళీ అయ్యాక నాటకం పెట్టించేవాడు లేడు, చూసేవాడు లేడు. ఆ పెట్టె కూడా తాకట్టుకు పోయింది. ‘యుద్ధంలో వినోదమా’ అని అడిగేవాళ్లకు అది వినోదం. ఆయనకు కూలి.

వన్‌టౌన్ వాసి:
కూలికి ఎవరి దగ్గర వాయించాడన్నది కూడా చూడాలి కదా.

హార్మోనియం:
అంటే?

వన్‌టౌన్ వాసి:
‘యుద్ధనిధి సహాయార్థం’ అన్న ముక్క మీకు కనిపించలేదా? తెల్లవాడి యుద్ధానికి మనిషినీ పైసానీ ఇవ్వొద్దని వ్యక్తి సత్యాగ్రహంలో మా తాత 1941లో జైలుకెళ్లాడు. బయటికొచ్చేసరికి అదే ఊళ్లో అదే యుద్ధానికి టిక్కెట్లు అమ్మి చందా పోగుచేస్తున్నారు, పద్యాలు పాడి మరీ.

జగన్నాథపురం:
అబ్బో.

హార్మోనియం:
అదీ సంగతి. ఇంతసేపూ కొలంబో, రంగూన్ అని తిప్పారు. చనిపోయిన పసిపిల్లను కూడా తెచ్చారు. మా తాత దొరల తొత్తు అన్నదే కదా మీ మాట? మా ఇంట్లో మా మేనమామలు కూడా అదే అన్నారు, ఆయన పోయేదాకా. రాత్రంతా వాయిస్తే చేతికొచ్చేది ముప్పావలా. మిగతాది ఏ నిధికి పోయిందో ఆయన్ను అడిగితే ఏం లాభం? కలెక్టరును అడగాలి.

వన్‌టౌన్ వాసి:
తొత్తు అనలేదు. పిల్ల సంగతి అబద్ధం కాదు.

గచ్చిబౌలి గాలి:
ఇంతకీ ఆ శనివారం నాటకం పడిందా?

హార్మోనియం:
ఊళ్లో మనుషులుంటే కదా.

పల్లీ పొట్లం:
పేరు ఇంకా చెప్పలేదు.

వన్‌టౌన్ వాసి:
మొదటి సగం చెదలు తినేశాయి. ‘...రాయబారం’ అని ఉంది.

హార్మోనియం:
కృష్ణుడి రాయబారమే అయ్యుంటుంది. కింద వాయిద్యాల వాళ్ల పేర్లేమైనా ఉన్నాయేమో చూసి చెప్పండి.