అప్‌డేట్: పూలలోయ ఫొటోల్లో బ్లర్ ఎందుకొస్తుందో తేలింది

ఆగస్టులో బెజవాడ నుంచి ఉత్తరాఖండ్ పూలలోయకి వెళ్తే మాక్రో షాట్లకి, అంటే పూలని బాగా దగ్గరగా తీసే ఫొటోలకి, ట్రైపాడ్ మోయాలా అని అడిగాను కదా. అక్కర్లేదు. అసలు దోషం చేతి వణుకుది కాదు, గాలిది. అక్కడి నీలి పాపీ (గసగసాల జాతి పువ్వు) కాడ నిండా సన్నటి ముళ్లే, కానీ చిరుగాలికే తల ఊపేస్తుంది. ట్రైపాడ్ కెమెరాని ఆపుతుంది గానీ పువ్వుని ఆపదుగా!

షట్టర్ స్పీడు 1/60 సెకను దగ్గర రేకుల అంచులు చెదిరిపోయాయి. షట్టర్ 1/500, లెన్స్ ద్వారం (అపర్చర్) ఎఫ్/5.6, సెన్సర్ సున్నితత్వం (ఐఎస్ఓ) 800 నుంచి 1600, ఐదారు ఫ్రేముల బర్స్ట్ (ఆపకుండా వరసగా తీయడం) పెడితే ఒక్కటైనా స్పష్టంగా నిలబడింది. ఫోకస్ పసుపు కేసరాల మీదే. ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు ఫోకస్‌తో తీసిన ఫ్రేముల్ని ఒక్కటిగా కలపడం) జోలికి పోవద్దు, ఫ్రేముకో చోట పువ్వుంటుంది. బాట దిగితే మొక్కలు నలుగుతాయి, అందుకే దూరం నుంచి అందే 100 ఎంఎం మాక్రో లెన్స్ నయం.

రేకులు పల్చన. వెనక నుంచి వెలుగు పడితే ఫొటోలో నీలం రంగు వివరాలు (నీలం ఛానెల్) కొట్టుకుపోతాయి, ఎక్స్‌పోజర్ (వెలుగు) 0.7 స్టాప్ తగ్గించి, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫైల్ తీయండి. తడి ఆకుల మెరుపు తగ్గించడానికి లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్.

సాయంత్రం, లోయకి వెళ్లేవాళ్లు బస చేసే ఘాంఘరియా ఊళ్లో వెచ్చటి గదిలోకి వచ్చేముందే కెమెరాని జిప్ కవర్లో మూసేయాలి, అరగంట తెరవకూడదు. లేదంటే చల్లటి లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. మన ఏసీ కారు దిగగానే కళ్లజోడుకి పట్టినట్టే.

బ్రహ్మకమలాలకైతే ఇంకా పైకి, హేమకుండ్ గురుద్వారా దారి పట్టాలి.