మా ఖమ్మం ఎండకి ఏ సోలార్ ప్యానెల్ మంచిది?

డాబా మీద 3 కిలోవాట్లు పెట్టిద్దామనుకుంటున్నానండి, ఒకాయన మోనో పెర్క్ రకం ప్యానెల్ చాలంటాడు ఇంకొకాయన టాప్‌కాన్ రకం తీసుకోమంటాడు, మే నెలలో మా డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, ఆ వేడికి ఏది తట్టుకుంటుంది?

జవాబు: ఎఫిషియెన్సీ ఒక్కటే చూడకండి బ్రదర్, డేటాషీట్‌లో టెంపరేచర్ కోఎఫిషియెంట్ చూడండి, అంటే వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ పవర్ ఎంత తగ్గుద్దో చెప్పే అంకె. రేటింగ్ ఇచ్చేది 25 డిగ్రీల దగ్గర, మన ఎండలో ప్యానెల్ 65కి ఈజీగా పోతుంది, అంటే 40 డిగ్రీలు ఎక్కువ. పెర్క్ డిగ్రీకి 0.35 శాతం పడిపోద్ది అనుకుంటే 14 శాతం పోయినట్టే, టాప్‌కాన్ 0.29 అనుకుంటే 11.6. నేనైతే టాప్‌కానే అంటా.

జవాబు: కింద గాలి ఆడాలండి. మాకు రేకులకి ఆనించి బిగించారు, మధ్యాహ్నం యూనిట్లు తగ్గిపోయేవి, స్టాండ్ ఎత్తు పెంచాకే దారికొచ్చింది.

జవాబు: కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ స్కీమ్ సబ్సిడీ 78,000 రావాలంటే డీసీఆర్ ప్యానెళ్ళే ఉండాలి, అంటే లోపల సెల్స్ కూడా ఇండియాలో చేసినవే. అడ్వాన్స్ ఇచ్చేముందే కొటేషన్‌లో రాయించుకోండి.