సస్పెండ్ చేసి తిరిగి నడిపిన వర్చువల్ మెషీన్‌లో సమయం ఎందుకు వెనకబడుతోంది?

ప్రశ్న:
క్లౌడ్‌లో మూడు లినక్స్ వర్చువల్ మెషీన్లు నడుపుతున్నాను, మూడింటిలోనూ గడియారాన్ని సరిదిద్దే క్రోనీ అనే ప్రోగ్రాం ఉంది. ఒకదాన్ని సస్పెండ్ చేసి తిరిగి నడిపితే దాని గడియారం మిగతావాటికంటే 40 సెకన్లు వెనకబడి కనిపించింది. ఇతర సర్వర్లు అప్పుడే జారీ చేసిన టోకెన్లను (గడువుతో కూడిన డిజిటల్ అనుమతులను), వాటి చెల్లుబాటు ఇంకా మొదలు కాలేదంటూ ఆ మెషీన్ తిరస్కరిస్తోంది. క్రోనీ నడుస్తూనే ఉన్నా సమయాన్ని వెంటనే ఎందుకు సరిదిద్దడం లేదు?

సమాధానం 1:
మీ సెట్టింగ్‌లలో ‘మేక్‌స్టెప్ 1.0 3’ అనే వరుస ఉందేమో చూడండి. తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒక్కసారిగా జరపవచ్చని, అయితే క్రోనీ మొదలైన తర్వాత తొలి మూడు సవరణల్లోనే ఆ అనుమతి ఉంటుందని దాని అర్థం. సస్పెండ్ అయిన మెషీన్‌లో క్రోనీ కొత్తగా మొదలు కాదు, ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది. ఆ మూడు సవరణలు ఎప్పుడో అయిపోయాయి కనుక ఇప్పుడది గడియారం వేగాన్ని కాస్త పెంచి తేడాను మెల్లగా తగ్గిస్తోంది. 3 స్థానంలో -1 పెడితే ఎప్పుడైనా జరుపుతుంది కానీ, డేటాబేస్ ఉన్న చోట ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే సమయం వెనక్కి దూకితే తర్వాత రాసిన రికార్డుకు ముందటి సమయం పడుతుంది. మెషీన్ తిరిగి నడవగానే ‘క్రోనిసి బర్స్ట్ 4/4’ (వెంటనే కొన్ని కొలతలు తీసుకోమని క్రోనీకి ఇచ్చే ఆదేశం) ఇచ్చి, కొలతలు అందాక ‘క్రోనిసి మేక్‌స్టెప్’ (గడియారాన్ని ఒక్కసారిగా జరిపే ఆదేశం) ఇచ్చి, ఆ తర్వాతే అప్లికేషన్‌ను మొదలుపెట్టే చిన్న స్క్రిప్ట్ మేలు.

సమాధానం 2:
పై సమాధానం సరైనదే. సమయం ఎక్కడి నుంచి తీసుకుంటున్నారో కూడా చూసుకోండి. అమెజాన్‌లో 169.254.169.123 అనే చిరునామా మెషీన్ లోపలి నుంచే అందుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. అజూర్‌లో హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చే పీటీపీ అనే గడియార పరికరం నుంచి హోస్ట్ (అసలు కంప్యూటర్) సమయాన్ని చదవవచ్చు. వీటితోపాటు నెట్‌వర్క్ ద్వారా సమయం చెప్పే బయటి ఎన్‌టీపీ సర్వర్లను కలిపేవారు చాలామంది ఉన్నారు, అక్కడే చిక్కు. గూగుల్, అమెజాన్ లీప్ సెకనును (ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకనును) 24 గంటల పాటు పలచగా పరిచి సర్దుతాయి. అలా సర్దని సర్వర్‌తో పోలిస్తే ఆ సమయంలో తేడా అర సెకను దాకా వెళ్తుంది. 2016 డిసెంబరు 31 తర్వాత లీప్ సెకను రాలేదు కాబట్టి ఈ పొరపాటు ఇన్నాళ్లూ బయటపడకుండా ఉండిపోయి ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బర్స్ట్, మేక్‌స్టెప్ వరుసగా ఇచ్చాక 40 సెకన్ల తేడా పోయింది, టోకెన్లు చెల్లుతున్నాయి. మీరు అనుమానించినట్టే నా ఫైల్‌లో రెండు రకాల సర్వర్లూ ఉన్నాయి, బయటివాటిని తీసేశాను. ఇకపై సేవ నడుస్తోందా అన్నది మాత్రమే చూసి ఊరుకోకుండా, ‘క్రోనిసి ట్రాకింగ్’ చూపే సిస్టమ్ టైమ్ తేడా 100 మిల్లీసెకన్లు దాటితే హెచ్చరిక వచ్చేలా మూడింటిలోనూ పెడుతున్నాను.