హాట్ టబ్ నీటిలో కాల్షియం కాఠిన్యం ఎందుకు పెరుగుతోంది?

కోనసీమలో దిండి దగ్గర మా అతిథి గృహంలో 1,200 లీటర్ల హాట్ టబ్ ఉంది. నీటిని 38 డిగ్రీల వేడిలో ఉంచుతున్నాము. మొదట బోరు నీటితో నింపగా కాల్షియం కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం మోతాదు, 480 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపింది, వారం తిరగకముందే జెట్ల అంచున తెల్లని పెచ్చు కట్టింది. గోటితో గీకితే సున్నంలా రాలుతోంది, నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగుతోంది. కాలువ నీరు మెత్తనిదే గాని, వేసవిలో కాలువలు కట్టేశాక అదీ దొరకదు.

అందుచేత సగం నీరు తీసివేసి, ఆర్వో నీరు పోసి 250కి దించాను. పూర్తిగా ఆర్వో నీరే పోస్తే కాఠిన్యం మరీ పడిపోయి నురగ వస్తుందని, హీటరు లోహం తినివేతకు గురవుతుందని ఆ పని చేయలేదు. పీహెచ్ 7.4, ఆల్కలినిటీ (పీహెచ్ మారకుండా నీరు తట్టుకునే గుణం) 100 పీపీఎం వద్ద ఉన్నాయి. ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీరే కలుపుతున్నా, మూడు వారాల్లో కాఠిన్యం 320కి చేరింది. క్రిములు చావడానికి రోజూ రాత్రి 8 గ్రాముల బ్లీచింగ్ పౌడరు వేస్తున్నాను. అందులోనూ కాల్షియమే ఉంటుంది కనుక నా అనుమానం దానిమీదే.

బ్లీచింగ్ పౌడరు మానేసి కాల్షియం లేని క్లోరిన్ ద్రావణమైన సోడియం హైపోక్లోరైట్ వాడితే, నీరు మార్చకుండా కాఠిన్యం ఇక పెరగకుండా నిలుస్తుందా?