అప్‌డేట్: టీఎస్‌హెచ్ పెరిగితే తప్పు పిట్యూటరీదేనా?

నా రక్తపరీక్ష రిపోర్టులో థైరాక్సిన్ (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) తక్కువగా, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) మాత్రం ఎక్కువై 14గా ఉండడంతో, లోపం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఉందేమోనని అప్పట్లో అడిగాను. కాదని తేలింది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం విడుదల చేసే టీఆర్‌హెచ్ అనే హార్మోన్ సన్నని రక్తనాళాల గుండా బఠాణీ గింజంత పిట్యూటరీని చేరి టీఎస్‌హెచ్‌ను విడుదల చేయిస్తుందనీ, రక్తంలో థైరాక్సిన్ చాలినంత ఉంటే అదే ఆ రెండింటికీ కళ్లెం వేస్తుందనీ డాక్టరుగారు వివరించారు. నా థైరాయిడ్ మందగించి ఆ కళ్లెం వదులై టీఎస్‌హెచ్ పెరిగింది. అంటే, సక్రమంగా పనిచేస్తున్న గ్రంథినే నేను అనుమానించాను! లోపం నిజంగా పిట్యూటరీదే అయితే థైరాక్సిన్ తగ్గినా టీఎస్‌హెచ్ ఇంతగా పెరగదు. థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టిన 7 వారాలకు టీఎస్‌హెచ్ 5.2కు దిగింది. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది కనుక, మోతాదు మార్చిన ప్రతిసారీ దాని స్థాయి కుదురుకునేదాకా 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించుకోవాలట.