గంటన్నర హరికథ వీడియోలో శబ్దం 9 ఫ్రేములు వెనకపడుతోంది

కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర ఒక గుడిలో హరికథ తీశాను. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), శబ్దం విడిగా రికార్డర్‌లో, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు. రెండూ ఆపకుండా నడిచాయి. మొదట్లో చప్పట్లతో కలిపితే సరిగ్గా అతుక్కుంది. 30 నిమిషాలకు 3 ఫ్రేములు, గంటకు 6, గంటన్నరకు 9 ఫ్రేములు ఆలస్యం. పెదాలు ఎవరూ పట్టించుకోరేమో గానీ చిడతలు ఊరుకోవు కదా! చెయ్యి మూసుకున్నాక టక్కుమంటోంది.

ప్రాజెక్టు 25లోనే ఉంది, ఫైలు 48లోనే ఉంది, రెండుసార్లు చూసుకున్నా. ఆడియో వేగం 100.01 శాతం పెడితే చివర్లో శబ్దమే నాలుగైదు ఫ్రేములు ముందుకొచ్చేసింది. నా సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి రెండు దశాంశాలు దాటి తీసుకోదు. ముక్కలు కోసి జరిపితే హార్మోనియం శ్రుతి నడుమ అతుకు వినబడుతోంది. కెమెరా సొంత మైకులో జనం గోలే ఎక్కువ, అది పనికిరాదు.

9 ఫ్రేములంటే 0.36 సెకను. అంటే 5400.36 సెకన్ల ఆడియోను శ్రుతి మారకుండా, కోయకుండా, కచ్చితంగా 5400 సెకన్లకు కుదించాలంటే ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఏ సెట్టింగ్‌తో చేయాలి?