ఫ్రెంచ్ చదివితే అర్థమవుతోంది, వింటే మాత్రం పట్టుకోలేకపోతున్నా (బీఏ రెండో సంవత్సరం)

సాగర్_కాలువ:
అన్నలూ అక్కలూ, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో బీఏ ఫ్రెంచ్ చదువుతున్నా. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. ఈ సెమిస్టర్‌లో బీ1 స్థాయి (ఏ1, ఏ2 తర్వాత వచ్చే మెట్టు, దాని పైది బీ2) మొదలైంది, అప్పటినుంచి టెన్షన్. గ్రామర్ పేపర్‌లో మార్కులు వస్తాయి, పాఠం చదివితే డిక్షనరీతో పెద్దగా పని ఉండదు, కానీ క్లాసులో ఆడియో పెట్టారంటే అదే పాఠంలోని మాటలు కూడా నాకు వినబడవు, అందరూ తల ఊపుతుంటే నేను పేపర్ వైపు చూస్తూ కూర్చుంటున్నా. క్లాసులో సగం మంది హైదరాబాద్ కాలేజీల్లో ఇంటర్‌లోనే ఫ్రెంచ్ తీసుకున్నవాళ్ళు.

ఇంకోటి, పాసె కొంపోజె (జరిగి అయిపోయిన పనికి వాడే భూతకాలం), అంపార్ఫె (అప్పట్లో జరుగుతూ ఉన్న పనికి, అలవాటుకు వాడే భూతకాలం) కలిపి కథ రాయమంటే ముందు ఇంగ్లీష్‌లో అనుకుని దాన్ని ఫ్రెంచ్‌లోకి మారుస్తున్నా, సగం తప్పులే వస్తున్నాయి. సెలవులకు ఇంటికొస్తే మాట్లాడటానికి ఎవరూ ఉండరు. డెల్ఫ్ (ఫ్రెంచ్ ఏ స్థాయిలో వచ్చో సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) బీ1 ఇప్పుడే రాయాలా, ఆగాలా? ఈ భాష నాకు నిజంగా ఇష్టం, వదిలేయమని మాత్రం చెప్పకండి.

జడ్చర్ల_జంక్షన్:
చెల్లె, వదిలేయమని ఎవరూ చెప్పరు. నేను ఎంఏ ఫ్రెంచ్ చివరి సంవత్సరంలో ఉన్నా. వినబడకపోవడానికి నీ చెవి కారణం కాదు, పుస్తకంలో రాసినట్టు వాళ్ళు మాట్లాడరు, అంతే. 'నాకు తెలియదు' అనడానికి పుస్తకంలో 'జె నె సె పా' అని ఉంటుంది, రోడ్డు మీద అది 'షె పా' అయిపోతుంది. 'ఇల్ య ఆ' అని నేర్పినది 'యా' అవుతుంది. 'మేము' అనడానికి 'ను' నేర్చుకుని ఉంటావు, మాట్లాడేటప్పుడు దాదాపు అందరూ 'ఓఁ' అనే అంటారు. ఇంక మాటకీ మాటకీ మధ్య అతుకు ఒకటి. 'ఇల్ జోఁ' అంటే వాళ్ళ దగ్గర ఉంది, 'ఇల్ సోఁ' అంటే వాళ్ళు ఉన్నారు, ఆ ఒక్క జ, స తేడా వదిలేస్తే వాక్యమంతా తారుమారు. ఇవన్నీ కాగితం మీద విడివిడిగా కనబడతాయి కాబట్టి చదివినప్పుడు నీకు తేలిక.

అందుకే ఎక్కువ వినడం కాదు, తక్కువ ముక్కను గట్టిగా వినాలి. ఆర్‌ఎఫ్‌ఐ అనే ఫ్రెంచ్ రేడియో వాళ్ళు రోజూ 'జుర్నాల్ ఆఁ ఫ్రాఁసే ఫాసిల్' అని పది నిమిషాల వార్తలు సులువైన ఫ్రెంచ్‌లో చదువుతారు, మాటకు మాట రాసిన పాఠం కూడా పక్కనే ఉంటుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. పది నిమిషాలూ వినకు. ఒక్క నిమిషం తీసుకో, పాఠం చూడకుండా విను, వినబడింది వినబడినట్టు రాయి, మళ్ళీ విను, తర్వాతే పాఠంతో పోల్చు. ఎక్కడ తప్పిందో ఎర్ర పెన్నుతో గీత గీయి. కొన్నాళ్ళకు ఆ ఎర్ర గీతలన్నీ ఒకే రకం చోట్ల పడుతున్నాయని నీకే తెలుస్తుంది, ఎక్కువగా అతుకుల దగ్గర, చిన్న చిన్న సర్వనామాల దగ్గర. టీవీ5మోంద్ అనే ఫ్రెంచ్ టీవీ ఛానల్ సైట్‌లో కూడా ఏ1 నుంచి బీ2 వరకు స్థాయిల వారీగా వీడియోలు, అభ్యాసాలు ఉన్నాయి. వాటిలో ఏ2వి కూడా చెయ్యి, సిగ్గుపడకు.

ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకున్నవాళ్ళను చూసి భయపడకు. మార్కులు బాగా వస్తాయని తీసుకున్నవాళ్ళే వాళ్ళలో ఎక్కువ, మాట్లాడించే క్లాసులు అక్కడ కూడా తక్కువే.

పాలమూరు_టీచరమ్మ:
అమ్మా, నేను చాలా ఏళ్ళుగా ఫ్రెంచ్ చెబుతున్నాను. నీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇంగ్లీష్‌లో అనుకుని మారుస్తున్నా అన్న మాట. దాన్ని ఈరోజే మానుకో. నీకు తెలుగు వచ్చు, అది ఇక్కడ పెద్ద ఆస్తి, తెలుగు మీడియం అని చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

చూడు. 'చిన్నప్పుడు ఎండాకాలం కాలువలో ఈత కొట్టేవాళ్ళం, ఒకరోజు మా తమ్ముడి చెప్పు కొట్టుకుపోయింది.' కొట్టేవాళ్ళం అన్నది అంపార్ఫె, కొట్టుకుపోయింది అన్నది పాసె కొంపోజె. ఇంగ్లీష్‌లో రెండింటికీ మామూలు భూతకాలం వాడినా చెల్లుతుంది కాబట్టి అక్కడినుంచి వస్తే తేడా కనబడదు, తెలుగులో నీ నోటికే తెలుసు. 'వాన పడుతోంది, బస్టాండులో నిలబడి ఉన్నా, ఇంతలో ఫోన్ వచ్చింది' అన్నప్పుడు కూడా వాన, నిలబడటం అంపార్ఫె, ఫోన్ పాసె కొంపోజె. ఒక్క చోట జాగ్రత్త. 'పదేళ్ళు వనపర్తిలో ఉన్నాం' అని కాలానికి హద్దు పెట్టి, అది అయిపోయిందని చెబితే అది ఎంత పొడుగు కాలమైనా పాసె కొంపోజెనే.

తెలుగు దెబ్బతీసే చోటు వేరే ఉంది, దాన్ని మన పిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే నాకు కోపం. 'పుస్తకం కొన్నావా?' అంటే మనం 'కొన్నా' అని ఊరుకుంటాం. ఫ్రెంచ్‌లో ఆ 'దాన్ని' అనే మాట చెప్పి తీరాలి. 'అన్నదమ్ములు ఎంతమంది?' అంటే 'ఇద్దరు ఉన్నారు' అంటాం, ఫ్రెంచ్‌లో 'వాళ్ళలో' అనే అర్థం ఇచ్చే 'ఆఁ' పెట్టకుండా ఆ వాక్యం నిలబడదు. బీ1లో ఈ సర్వనామాలే సగం మార్కులు తినేస్తాయి. తెలుగులో మనం మింగేసే మాటలను ఫ్రెంచ్‌లో వెతుక్కోవాలి.

ఉచ్చారణ సంగతి కూడా ఒక మాట. ఫ్రెంచ్ 'త', 'ద' మన త, ద లాగా పళ్ళకు నాలుక తగిలి పలుకుతాయి. మన వాళ్ళు ఇంగ్లీష్ అలవాటుతో 'ట' అంటారు. 'తాబ్ల్' అను, 'టాబ్ల్' అనకు. ప, త, క లకు ఒత్తు గాలి వదలకూడదు, అది మనకు పుట్టుకతోనే వచ్చింది. కష్టపడాల్సింది ముక్కుతో పలికే అచ్చుల దగ్గర, చివర 'న్' మూసేయకుండా అరసున్నలా వదిలేయాలి.

కల్వకుర్తి_నైట్‌షిఫ్ట్:
నేను హైదరాబాద్‌లో ఫ్రెంచ్ కస్టమర్ సపోర్ట్‌లో పని చేస్తున్నా, ఒక్క విషయమే చెప్తా. అంకెలు. 70 అంటే 'అరవై పది', 80 అంటే 'నాలుగు ఇరవైలు', 97 అంటే 'నాలుగు ఇరవైలు పదిహేడు'. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబరు రెండేసి అంకెల చొప్పున ఐదు జతలుగా చెబుతారు. వాళ్ళు 'అరవై' అనగానే నువ్వు 60 రాసేస్తావు, అంతలో 'పదిహేడు' అంటారు. రోజూ బస్సు నంబర్లు, బండి నంబర్లు చూసి జతలుగా పైకి చదువు, అదేం వింతగా అనుకోకు. ఉద్యోగాలకు చాలాచోట్ల బీ2 అడుగుతారు, కాబట్టి బీ1 దగ్గర ఆగొద్దు.

సాగర్_కాలువ:
టీచరమ్మ గారూ, మీరు చెప్పినట్టు నా పాత కథ తీసి తెలుగులో చెప్పుకుని మళ్ళీ రాశా, క్రియలు ఈసారి వాటంతట అవే కుదిరాయి. సర్వనామాలు మాత్రం మీరన్నట్టే చాలా చోట్ల ఎగిరిపోయాయి. జడ్చర్ల అన్నా, డెల్ఫ్ గురించి కూడా చెప్పండి, ఫీజు కట్టే ముందు ఇంట్లో చెప్పుకోవాలి.

జడ్చర్ల_జంక్షన్:
వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25, మొత్తం 100. 50 వస్తే పాస్, కానీ ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. వినేది దాదాపు 25 నిమిషాలు, చదివేదీ రాసేదీ చెరో 45. రాసేదానిలో కనీసం 160 పదాలు. మాట్లాడేది 15 నిమిషాలు, అందులో చివరి భాగానికి ముందు 10 నిమిషాలు తయారవనిస్తారు, చదవడానికి చిన్న పాఠం ముక్క ఇస్తారు, అందులోని విషయం మీద నీ అభిప్రాయం చెప్పాలి. సర్టిఫికెట్‌కు గడువు ఉండదు, ఒకసారి పాసైతే ఎప్పటికీ చెల్లుతుంది. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో రాయొచ్చు. ఇప్పుడే కాదు, ఈ సెమిస్టర్ అయ్యాక రాయి, వినడంలో పాత నమూనా పేపర్లలో సగం మార్కులు వచ్చేదాకా ఫీజు కట్టకు.

మాట్లాడటానికి మనుషులు లేరన్నావు కదా, ఆదివారం రాత్రి మేం కొందరం గ్రూప్ కాల్‌లో ఫ్రెంచ్‌లోనే మాట్లాడుకుంటాం, మధ్యలో తప్పు దిద్దం, చివర్లో చెప్తాం. రా.

సాగర్_కాలువ:
తప్పకుండా వస్తా అన్నా. ఈ వారం దేని గురించి?

జడ్చర్ల_జంక్షన్:
ఊళ్ళకు ఆఖరి బస్సు ఎన్ని గంటలకు ఉండాలి. నీకు చెప్పడానికి చాలా ఉంటుంది.